పిడుగు పడింది

ఫిబ్రవరి 4

మరదలు పిల్లకి,

ముందు మంచి మాట: అందరం బాగానే ఉన్నాం. ఇక అసలు మాట. మన పిడుగు మళ్ళీ పడిపోయింది. ఇది నాలుగోసారి. బళ్ళో ఇంటర్వెల్ గంట గణగణమంది, పిల్లలంతా లేచి పరిగెత్తారు, ఇది మాత్రం బెంచీ కింద పడి ఉంది. నేను వెళ్ళేసరికి టీచరమ్మ నీళ్ళు చల్లుతూ, "పొద్దున ఏమీ పెట్టకుండా పంపిస్తారా అమ్మా?" అంది. నా పళ్ళెంలోది కూడా లాక్కుని తిని వెళ్ళిన పిల్ల గురించి ఆ మాట పడ్డాను.

ఇన్నాళ్ళూ ఒకరు రక్తం తక్కువన్నారు, ఒకరు ఎండ అన్నారు, మీ అమ్మగారు గారాబం అన్నారు. ఈసారి పెద్దాసుపత్రి గుండె డాక్టరుకి చూపించాం. ఛాతీకి తీగలు తగిలించి ఈసీజీ తీశాడు. "గుండె గట్టిదే, లోపలి కరెంటులోనే తేడా. ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధం కావడానికి ఎక్కువసేపు తీసుకుంటోంది. సరిగ్గా ఆ సందులో ఏ గంటో హఠాత్తుగా మోగిందనుకోండి, లయ తప్పుతుంది. తలకి రక్తం అందక పడిపోతుంది" అన్నాడు. పూర్తిగా పోయేది కాదట, మందుతో అదుపులో ఉంచాలట. రోజూ రెండు మాత్రలు. పరుగు పందాలు, ఈత, హఠాత్తు చప్పుళ్ళు వద్దు. దానికి పిడుగు అని పేరు పెట్టింది నువ్వే. ఇప్పుడు చప్పుడైతే పిడుగే పడుతోంది!

మా ఇల్లు చూస్తే నవ్వుతావు. కాలింగ్ బెల్ తీగ కోసేశాం, వచ్చినవాళ్ళు కిటికీలోంచి చెయ్యి ఊపాలి. నేను గిన్నెల్ని పసిపాపల్ని దించినట్టు దించుతున్నాను. మీ అన్నయ్య తుమ్ము సంగతి నీకు తెలుసుగా. ముక్కు దురద పెట్టగానే వీధిలోకి పరుగు. మొన్న సగం గడ్డం గీసుకుని, సబ్బు నురగతోనే వీధి చివరిదాకా వెళ్ళి తుమ్మి వచ్చారు. ఎదురింటాయన నన్ను చూసి, "చిన్న చిన్న గొడవలు ఏ ఇంట్లోనైనా మామూలేనమ్మా" అని ఓదార్చాడు.

ఇది వంశంలో వస్తుందట. నా ఈసీజీ శుభ్రంగా ఉంది. మీ అన్నయ్యది అటూ ఇటూ కాకుండా ఉంది, "వీరి తోబుట్టువులది కూడా చూస్తే తేలుతుంది" అన్నాడు డాక్టరు. ఆయనకి ఉన్నది నువ్వొక్కదానివేగా. ఒకసారి తీయించుకుని కాగితం పంపు. మీ ఆయన్ని, అదే మన గడియారాలాయన్ని, అడిగానని చెప్పు.

కళ్ళజోళ్ళ షాపులో, అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చుని,
నీ వదిన

ఫిబ్రవరి 11

వదినకి,

నీకు నమస్కారం, పిడుగుకి ముద్దులు, మా అన్నయ్య తుమ్ముకి సానుభూతి.

ఉత్తరం మొదట్లో ఏడ్చాను, మధ్యలో నవ్వాను, చివర్లో ఒళ్ళు మండింది. మా వంశమా? మా వంశంలో పడగొట్టినవాళ్ళే కాని పడినవాళ్ళు లేరు! మీ పిన్ని సంగతేమిటి మరి? సినిమా హాల్లో రెండుసార్లు పడిపోలేదూ? రెండుసార్లూ విలన్ని చూసే పడిందని నువ్వే చెప్పావు.

నేను రోజూ పన్నెండు టైపు మిషన్లు ఒకేసారి టకటకలాడే గదిలో కూర్చుంటాను. పదకొండేళ్ళ నుంచీ! నా గుండెకి ఏదైనా ఉంటే ఎప్పుడో రాజీనామా ఇచ్చేది. తీగలూ వద్దు, కాగితాలూ వద్దు.

ఇంకో మాట, దీని కోసమే పరుగెత్తి రాస్తున్నాను. పిడుగు పుట్టినరోజుకని పార్సిల్ పోయినవారమే పంపేశాం. గడియారాలాయన వారం రోజులు కూర్చుని చేశాడు. కోడిపుంజులా కూసే అలారం గడియారం. నీ ఉత్తరం తరవాత వచ్చింది, మేమేం చేస్తాం? పార్సిల్ తెరవకు. ఈ ఉత్తరమే ముందు అందాలని కోరుకుంటూ,

నీ మరదలు

ఫిబ్రవరి 15

మరదలికి,

పార్సిలే ముందు అందింది. అందినట్టు మా వీధి వీధంతటికీ తెలుసు. పోస్ట్‌మాన్ మా గుమ్మం దగ్గరికి వచ్చి సంచి దించగానే లోపలినుంచి కోడి కూసింది. ఆయన సంచిని అవతల పారేసి గోడ ఎక్కాడు. పిడుగు కిటికీ దగ్గరే ఉంది. నేను ఎగిరి దాని మీద పడి రెండు చెవులూ మూసేశాను. ఆ గొడవలో నా కళ్ళజోడు విరిగింది. పిల్లని పట్టుకుని దాని మొహంలోకే చూస్తున్నాను. "అమ్మా, నాకేం కాలేదు. నువ్వు లేస్తే ఊపిరాడుతుంది" అంది.

ఏమీ కాలేదు. కాని నీ ఉత్తరం మర్నాడు వచ్చేదాకా నిన్ను తిట్టని తిట్టు లేదు. "తెలియక పంపి ఉంటుంది" అన్నారు మీ అన్నయ్య. "తెలిసే పంపింది, మీ వాళ్ళ హాస్యమే అంత" అన్నాను నేను. ఇప్పుడు సగం వెనక్కి తీసుకుంటున్నాను. మా పిన్ని మీద నువ్వు రాసినదానికి మిగతా సగం ఉంచుకుంటున్నాను.

ఇక నీ మేనకోడలి ఘనకార్యం విను. మొన్న లెక్కల పరీక్ష. పొద్దున్నే పక్క గదిలో దబ్బుమంది. పరిగెత్తాను. నేల మీద పడి ఉంది. చెప్పులు మాత్రం పక్కన జతగా ఉన్నాయి. తల సరిగ్గా దిండు మీద. నాడి చూస్తే గడియారంలా కొట్టుకుంటోంది. కనురెప్పలు మాత్రం సీతాకోకచిలుక రెక్కలు!

రెండు తగిలిద్దామనే అనిపించింది. కాని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు: "పిల్లల్ని కన్నాక నాటకాలూ చూడాల్సి వస్తుంది. నాటకమే అని ఒకసారి వదిలేస్తే, నిజంగా పడ్డ రోజునా ఒక క్షణం ఆలోచిస్తారు. ఆ క్షణం మనకి లేదు. ప్రతిసారీ నిజమనే చూడండి." సరే, నిజమనే చూశాను. కాళ్ళు ఎత్తి పెట్టాను. మంచం ఎక్కించాను. కథల పుస్తకాలు లేవు, కిటికీ లేదు, పక్కింటి స్నేహితురాలు లేదు. పాలు, అదీ పంచదార లేకుండా. వీధి చివరి నర్సమ్మ గంటగంటకీ వచ్చి నాడి చూసి, తన మోకాళ్ళ నొప్పి కథ మొదటినుంచీ చెప్పి వెళ్ళింది. రెండో రోజు మధ్యాహ్నం, "అమ్మా, నిజం చెప్తే లేవనిస్తావా?" అంది. "రోగులు మాట్లాడకూడదమ్మా, అలసిపోతారు" అన్నాను. సాయంత్రానికి లెక్కల పుస్తకం తనే అడిగింది.

తరవాత పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను: "లెక్కలు రాకపోతే రావని చెప్పు, తిట్టను. పడడం మాత్రం నిజంగా పడ్డ రోజుకే వదిలెయ్." చాలాసేపు ఆలోచించి, "సరే, ఇకనుంచి కడుపునొప్పి" అంది.

ఈసీజీ మాట మరిచిపోకు.
వదిన

ఫిబ్రవరి 25

వదినకి,

కడుపునొప్పి దగ్గర నేనూ గడియారాలాయనా ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. అది మా రక్తమే, ఇప్పుడు ఒప్పుకుంటాను!

నీకు ఎప్పుడైనా పూర్తిగా చెప్పానా మా కథ? అప్పుడు నాకు ఇరవై రెండు. చేతి గడియారం బాగు చేయించుకుందామని ఆయన షాపులోకి వెళ్ళాను. కౌంటరు వెనక తల వంచుకుని పని చేసుకుంటున్నాడు. తల ఎత్తాడు. నన్ను చూశాడు. అంతే, షాపులోని అలారాలన్నీ ఒక్కసారి మోగాయి. నేను అక్కడికక్కడే పడిపోయాను! లేచేసరికి మొహం మీద నీళ్ళు, ఎదురుగా ఆయన. ప్రేమలో పడడం అంటే మాటవరసకి అంటారు కాని నిజంగా పడినదాన్ని నేనొక్కతినే. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా ఈయన చెప్పే మొదటి ముక్క ఇదే.

సరే, ఏమీ అనుకోనంటే ఒక మాట. నువ్వు ఆ పిల్లని గాజుబొమ్మలా దాచిపెడుతున్నావు. గుండె కన్నా నీ భయమే దాన్ని ఎక్కువ పడుకోబెడుతోంది. సెలవులకి ఇక్కడికి పంపు. నాలుగు వారాలు హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది.

నీ మరదలు

మార్చి 3

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

తమరి సలహా అందింది. ధన్యవాదాలు.

ఇలా రాద్దామనుకుని మొదలుపెట్టాను, కాని కోపంలో నాకు గ్రాంథికం రాదు. మామూలుగానే రాస్తాను.

అది నిజంగా పడ్డప్పుడు నువ్వు చూడలేదు. చెప్పులు ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా ఉంటాయి. కళ్ళు తెరిచే ఉంటాయి, వాటిలో పిల్ల ఉండదు. నేను లెక్కపెడతాను. రెండోసారి ముప్ఫై ఎనిమిది దాకా వెళ్ళింది. ముప్ఫై ఎనిమిది ఎంత పెద్ద అంకో నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తరవాత అది కళ్ళు తిప్పి, "అమ్మా, ఆకలేస్తోంది" అంటుంది. నేను వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తాను. గాజుబొమ్మ ఎవరో తెలిసిందా?

ఇంకొకటి. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నవ్వించడానికి మీ ప్రేమకథ చెప్పాను. ఆయన నవ్వలేదు. కలం కింద పెట్టాడు. "అలారాలు మోగాక పడ్డారా, మోగకముందా?" అని అడిగాడు. "ఆవిణ్ణి వెంటనే ఈసీజీ తీయించుకోమనండి" అన్నాడు.

పిడుగుకి నీ ఆహ్వానం తెలిసిపోయింది (మీ అన్నయ్య ఉత్తరం పైకి చదివారు). ఇప్పుడు ఇంట్లో రోజూ అదే పాట. నీ ఈసీజీ బాగుందని తెలిస్తే పంపుతాను. లేకపోతే లేదు. ఇది నా షరతు.

వదిన

మార్చి 17

వదినకి,

గాజుబొమ్మ మాటకి నా చెవి నేనే మెలేసుకున్నాను. అది రాసిన వేలు ఏదో గుర్తులేదు కాని, టైపు నేర్పేదాన్ని కదా, పదింటికీ శిక్ష వేశాను.

ఈసీజీ తీయించుకున్నాను. అంతా భేషుగ్గా ఉంది. "ఇంత మంచి గుండె ఈ మధ్య చూడలేదు" అన్నాడు ఇక్కడి డాక్టరు. కాగితం ఎక్కడో జాగ్రత్తగా పెట్టాను. ఎంత జాగ్రత్తగానంటే, నాకే కనిపించడం లేదు. దొరగ్గానే పంపుతాను. నువ్వు పిల్లని పంపు. గడియారాలాయన షాపులోని అలారాలన్నీ ఆపేశాడు. కొనడానికి వచ్చినవాళ్ళకి, "ఇది ఇలా మోగుతుందండీ" అని గుసగుసగా నోటితో మోగించి చూపిస్తున్నాడు.

ప్రేమతో,
మరదలు

ఏప్రిల్ 18

మరదలికి,

ఈ ఉత్తరం మీ అన్నయ్య చేతికిచ్చి పిల్లతోపాటు పంపుతున్నాను. సంచిలో మాత్రలున్నాయి. పొద్దున ఎనిమిదికి ఒకటి, మళ్ళీ రాత్రి ఎనిమిదికి ఒకటి. మింగాక నోరు తెరిపించి నాలుక కింద చూడు. ఒకసారి పూలకుండీలో దొరికింది. ఎండలో ఆడితే నీళ్ళు తాగించు. పొద్దున్నే లేపడానికి పిలవకు, పాదం మీద మెల్లగా నిమురు. కొత్త మందేదైనా ఇవ్వాల్సి వస్తే ముందు డాక్టరుకి ఈ జబ్బు సంగతి చెప్పు.

పడితే: వెల్లకిలా పడుకోబెట్టు, కాళ్ళు ఎత్తు, మెడ దగ్గర గుండీలు విప్పు, ఊపిరి చూడు, లెక్కపెట్టు. అరవై దాటినా లేవకపోతే, ఊపిరి ఆడకపోతే అంతకన్నా ముందే, ఆసుపత్రికి పరుగు. ఇదంతా పిల్లకి నాకన్నా బాగా వచ్చు. ఎక్కాలు తప్పుతుంది కాని ఇది తప్పదు.

ఇంకా ఆరు పేజీలు రాశాను. మీ అన్నయ్య చదివి, "అక్కడున్నది నా చెల్లెలు, పులి కాదు" అని చింపేశారు.

ఇది రాస్తున్నప్పుడు నేను ఏడవలేదు. ఇది నువ్వు గమనించాలి.
వదిన

ఏప్రిల్ 26

వదినకి,

గమనించాను. ఉత్తరంలో మూడు చోట్ల సిరా కరిగి ఉంది.

పిడుగు బ్రహ్మాండంగా ఉంది. పొద్దునంతా షాపులో గడియారాల పొట్టలు విప్పుతోంది. మధ్యాహ్నం నాతో ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి టైపు నేర్చుకుంటోంది. నిన్న మొదటిసారి తప్పు లేకుండా ఒక వాక్యం కొట్టింది: "మా అమ్మకి భయం ఎక్కువ, కానీ వంట బాగుంటుంది." మాత్ర మింగాక నోరు తెరవమంటే, "అత్తా, నువ్వు కూడా తెరువు, సమానంగా ఉండాలి" అంటుంది. రోజుకి రెండుసార్లు ఒకరి నోట్లోకి ఒకరం చూసుకుంటున్నాం. మొన్న గడియారాలాయన కూడా వరసలో నిలబడ్డాడు.

మరదలు

మే 3, బస్టాండు బల్ల మీద

మరదలికి,

పదకొండు గంటలకి టెలిగ్రాం వచ్చింది. గడియారాలాయన పంపింది. మొత్తం ఐదు మాటలు: "పడిపోయింది. ఇప్పుడు పర్వాలేదు. కంగారు వద్దు."

కంగారు వద్దట! మాట్లాడడానికే బద్ధకించే మనిషి టెలిగ్రాం ఇచ్చాడంటే ఎంత జరిగి ఉండాలి? షాపు నుంచి అలాగే బయలుదేరాను. అరగదీస్తున్న అద్దం చేతిలోనే ఉందని ఇక్కడికి వచ్చాక చూసుకున్నాను. నిన్ను నమ్మి పంపాను. బస్సు ఒంటిగంటన్నరకి. బస్సు వచ్చేదాకా ఏం చేయాలో తోచక, నిన్ను ఏమేమి అనాలో రాసుకుంటున్నాను. మొదటిది, గాజుబొమ్మ అన్నందుకు

ఆగు. మీ అన్నయ్య పరిగెత్తుకుంటూ వస్తున్నారు. చేతిలో ఇంకో కాగితం.

ఇంకో టెలిగ్రాం. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పడింది అత్త. నేను కాదు. మామయ్య పడిందెవరో రాయలేదు. తిట్టాను. మాత్ర వేసుకున్నా. అత్త లేచింది. పిడుగు."

చదివి నేను నవ్వాను. బస్టాండులో పదిమంది చూస్తుండగా, మీ అన్నయ్య చొక్కా పట్టుకుని నవ్వాను. ఆ వెంటనే సిగ్గేసింది. పడింది నువ్వే కదా. మా పిల్ల కాదని తెలిసి అంత నవ్వు ఎలా వచ్చిందో నాకు తెలియదు. క్షమించు. ఎలా ఉన్నావు? ఏం జరిగింది? నీ గుండె భేషుగ్గా ఉందన్నావుగా?

వెంటనే రాయి. లేకపోతే తరవాతి బస్సు ఎక్కుతాను.
వదిన

మే 6

వదినకి,

ముందు నిజం. నేను ఈసీజీ తీయించుకోలేదు. ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ డాక్టరూ, మంచి గుండే, అన్నీ నేనే కల్పించాను. పేరు పెట్టకపోతే జబ్బు రాదనుకునే రకాన్ని. ఇంకా లోతుగా చెప్పమంటే, షాపులో నేను పడింది అలారాల వల్లే అని తేలితే మా ప్రేమకథలో ఏం మిగులుతుందని భయం. తిట్టు. ఎంత పొడుగ్గా కావాలంటే అంత.

జరిగింది ఇది. మే 2 మధ్యాహ్నం టైపు పరీక్ష. పర్యవేక్షణ నాది. అన్నం తిని కూర్చున్నాను కదా, కునుకు పట్టింది. కొత్తగా వచ్చిన ప్యూను మొదలుపెట్టమని నా చెవి పక్కనే ఇత్తడి గంట ఠంగుమనిపించాడు. పిడుగు వాడు సుత్తి ఎత్తడం చూసి ముందే రెండు చెవులూ మూసుకుందట. నాకు గుర్తున్నది ఆ ఠంగు ఒక్కటే.

తరవాతదంతా వాళ్ళూ వీళ్ళూ చెప్పింది. నేను కుర్చీతో సహా పడ్డాను. పన్నెండు మందిలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఎలా ఎత్తుతారు? ఏం జరిగినా కాగితం మీదినుంచి కళ్ళు తియ్యొద్దని నేర్పింది నేనే. టకటక టకటక కొడుతూనే ఉన్నారు. పిడుగు బల్ల ఎక్కి, "ఆపండి! మా అత్త ఊపిరి వినబడాలి!" అని అరిచిందట. పన్నెండు మిషన్లూ ఒక్కసారి ఆగాయి. నన్ను వెల్లకిలా తిప్పించింది. లావుపాటి కుర్రాణ్ణి కాళ్ళు ఎత్తి పట్టుకోమంది. గుండీలు విప్పి, "మగవాళ్ళు అటు తిరగండి" అంది. నీళ్ళు తెచ్చిన ప్యూనుని, "నీళ్ళు కాదు, వెళ్ళి ఆటో తీసుకురా. గంట ఇక్కడ పెట్టి వెళ్ళు" అంది. పైకి లెక్కపెట్టింది. నలభై నాలుగు దగ్గర నేను కళ్ళు తెరిచాను.

వదినా, ఆ చీకట్లోంచి వస్తుంటే ఎంత భయమేసిందో! ఎవరో దూరంగా అంకెలు చదువుతున్నారు. కళ్ళు తెరిస్తే దాని మొహం. నా చెయ్యి పట్టుకుని, "భయపడకు అత్తా. కాసేపు అంతా దూరంగా ఉంటుంది. తరవాత ఆకలేస్తుంది. నాకు తెలుసుగా" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ మాట ఇంకెవరు చెప్పగలరు నాకు?

ఆసుపత్రిలో తీగలు తగిలించారు. పిడుగుది ఏదో నాదీ అదే. అవే మాత్రలు. ఇంకొన్నాళ్ళు గంటల పక్కన కునుకు తీస్తూ ఉంటే ఒక రోజు లేచేదాన్ని కాదన్నాడు డాక్టరు. కాగితం దీనితోపాటే పంపుతున్నాను. ఈసారి నిజంది.

గడియారాలాయన నా మంచం పక్కన కూర్చుని తన చేతి గడియారానికి నాలుగుసార్లు కీ ఇచ్చాడు. చివరికి, "అయితే ఆ రోజు నన్ను చూసి కాదా?" అన్నాడు. "చూసి కాదు, విని" అన్నాను. పాపం, మొహం చిన్నబోయింది. "పడింది అలారం వల్ల. లేచాక వెళ్ళిపోకుండా ఉన్నది నీ వల్లే" అన్నాక కాఫీ పెట్టడానికి లేచాడు.

నీ కూతుర్ని తీసుకెళ్ళడానికి వస్తావని తెలుసు. రా. అబద్ధమాడిన ఇంట్లో ఉంచమని అడిగే మొహం నాకు లేదు.

మరదలు

మే 10

మరదలు పిల్లకి,

నీ ఈసీజీ కాగితం చూశాను. నేను కళ్ళజోళ్ళదాన్ని, నాకేం అర్థమవుతుంది? అయినా దీపం కింద పెట్టి, పిడుగుది పక్కన పెట్టి చూశాను. రెండు గీతలూ ఒకే చోట ఒకేలా ఒంగి ఉన్నాయి. మీ ఇద్దరి ముక్కుల్లాగే.

నిన్ను తిట్టడానికి నాలుగు పేజీలు రాశాను. మీ అన్నయ్య మళ్ళీ చింపుతారేమోనని నేనే చింపేశాను. ఒక్కటే ఉంచాను: గేటు దాకా వెళ్ళినదానివి లోపలికి వెళ్ళకపోవడం నాకు అర్థమవుతుంది. మొదటిసారి దాన్ని తీసుకెళ్ళినప్పుడు నేనూ ఆ గేటు దగ్గర అరగంట నిలబడ్డాను. ఇది ఎవరికీ చెప్పలేదు. అబద్ధం రాయడానికి మాత్రం వేరే దమ్ము కావాలి, అది మీ వంశానిదే. ఇక మా పిన్ని జోలికి రాకు.

మీ అన్నయ్యకీ మాత్రలు మొదలుపెట్టారు. నీ కాగితంతో ఆయన సంగతీ తేలిపోయింది. ఇప్పుడు పొద్దున్నే మాత్ర మింగి, ఎవరూ అడగకుండానే నోరు తెరిచి నిలబడుతున్నారు.

పిడుగుని తీసుకురావడానికి ఆయన సంచి సర్దుకున్నారు. నేను బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేశాను. సెలవులు అయిపోయేదాకా అక్కడే ఉండనీ. నీకు మాత్రలు కొత్త. నాలుక కింద ఎవరు చూస్తారు?

ఇక్కడి డాక్టరు జూన్ మొదటి సోమవారం పది గంటలకి మీ ఇద్దరినీ కలిపి చూస్తానన్నాడు. నువ్వే దాన్ని వెంటబెట్టుకుని రా. మీ అన్నయ్య బస్టాండుకి వచ్చి మిమ్మల్ని ఆసుపత్రి దగ్గర దింపుతారు. నేను రాను. ఆ రోజు షాపులో పని ఉంది. లేకపోయినా ఉందనే చెప్తాను. లోపల డాక్టరు అడిగినవాటికి అది జవాబులు చెప్పుకోగలదు. నువ్వూ చెప్పుకోగలవు.

గుమ్మం దగ్గర నర్సు, "పేషెంటు ఎవరు, తోడొచ్చింది ఎవరు?" అని అడుగుతుంది. ఏం చెప్పాలో దారిలో ఇద్దరూ తేల్చుకోండి.

వదిన